ఈకల కిరీటం ఎవరి తల మీద? రెజ్లింగ్ చరిత్రలో మనలాంటోళ్ల కథ

పోస్టు కొంచెం పెద్దది, తీరిగ్గా చదవండి. రెజ్లింగ్ గురించి రాస్తున్నాం. "గ్రూపులో డీఎస్సీ, జీవో నంబర్ 3, కుల ధ్రువీకరణ పత్రాల గురించి మాట్లాడుకోవాలి గానీ ఇదేటి" అనకండి. చివరిదాకా చదివితే ఇది కూడా ఆ లెక్కలోకే వస్తుందని మీకే తెలుస్తుంది.

మేము 2005 నుంచి 2008 దాకా చోడవరంలో హాస్టల్లో ఉండి చదువుకున్నాం. పాడేరు ఘాటీ దిగి, మాడుగుల, వడ్డాది దాటి వచ్చే బస్సులో ట్రంకు పెట్టెలతో దిగిన బ్యాచ్. అప్పట్లో మా దగ్గరున్న పెద్ద ఆస్తి రెజ్లింగ్ కార్డులు. కార్డు మీద ఫైటర్ బొమ్మ, పక్కన ర్యాంకు, హైటు, వెయిటు, చెస్టు, బైసెప్స్. ఒకడు "వెయిటు" అని అంకె చెప్తే, అవతలోడి కార్డులో అంతకన్నా తక్కువుంటే ఆ కార్డు ఇచ్చేయాల్సిందే. బస్టాండు దగ్గర టీ కొట్లో టెన్ స్పోర్ట్స్ పెట్టిన రాత్రి వార్డెన్ కళ్లుగప్పి వెళ్లి నిలబడి చూసేవోళ్లం. 2007 జూలైలో గ్రేట్ ఖలీ వరల్డ్ హెవీవెయిట్ బెల్టు గెలిచినప్పుడు హాస్టల్ అంతా పండగే.

ఆ కార్డుల్లో ఒకటి టటాంకాది. నల్లజుట్టు మధ్యలో ఎర్ర రంగు, ఒంటి మీద ఈకలు. క్లాసులో కింద ఊళ్ల పిల్లలు ఆ కార్డు మా ముందు పెట్టి "ఒరే, ఇది మీవోడేరా" అని నవ్వేవోళ్లు. మాకు కోపం రాలేదు. నిజం చెప్పాలంటే సంతోషమే వేసింది. అన్ని కార్డుల్లో మావోడొకడు ఉన్నాడనిపించింది. ఆ కార్డుని మాత్రం పందెంలో పెట్టేవోళ్లం కాదు.

అదే ఏడాది వార్షికోత్సవానికి "ట్రైబల్ డాన్స్" చెయ్యమన్నారు. ఒంటికి ఆకులు కట్టి, తలకి కోడి ఈకలు పెట్టి, మొహానికి మసి పూశారు. "జింగ జింగ" అని ఏదో సినిమా కూత నేర్పారు. మా ఊళ్లలో ఎవరూ ఆకులు కట్టుకోరు. థింసాకి మా అమ్మలు కట్టుకునే చీరకట్టు వేరు, చేతులు వెనకనుంచి కలుపుకుని వేసే అడుగు వేరు. అది చెప్పడానికి మాకు నోరు రాలేదు. ఆడాం. చప్పట్లు బాగానే కొట్టారు.

ఈ రెండు సంగతులూ ఒకటేనని అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. దానికి రెజ్లింగ్ చరిత్ర చదవాల్సి వచ్చింది.

ముందు అందరూ అడిగే ప్రశ్న. "అదంతా ఉత్తిదే కదరా?"

ఎవరు గెలవాలో ముందే మాట్లాడుకుంటారు, నిజమే. కానీ వెనక్కి పడితే నడుం నడుమే, కింద బల్ల బల్లే. మన ఉత్తరాంధ్రలో తూర్పు భాగవతం చూసేటప్పుడు సత్యభామ వేషం కట్టింది మగోడని తెలియనోడెవడు? తెలిసీ తెల్లారేదాకా కూర్చుంటాం. ఇదీ అంతే.

మొదట్లో ఇది నిజం పోటీయే. మన పక్కనే చూడండి. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గారు విజయనగరంలో వ్యాయామం నేర్చి, కుస్తీ పట్టి, సొంతంగా సర్కస్ కంపెనీ నడిపారు. ఒంటికి చుట్టిన ఇనుప గొలుసుని ఊపిరి బిగబట్టి తెంపడం, ఛాతీ మీద ఏనుగుని నిలబెట్టుకోవడం, కార్లని గొలుసులతో పట్టి ఆపడం ఆయన ప్రదర్శనలు. కలియుగ భీముడన్నారు. 1942లో పోయారు. విశాఖ బీచ్ రోడ్డులో విగ్రహం ఉంది, శ్రీకాకుళంలో ఆయన పేరుతో స్టేడియం ఉంది. ఆయన పుట్టిన వీరఘట్టం ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలోదే, మన సవర, జాతాపు ఊళ్లకి దగ్గరే.

అదే కాలంలో గామా పహిల్వాన్ 1910లో లండన్ వెళ్లాడు. సెప్టెంబర్ 10న పోలండ్ మల్లుడు జిబిస్కోతో దాదాపు మూడు గంటలు పట్టినా తేలలేదు. వారం తర్వాత మళ్లీ పెట్టుకున్న పోటీకి జిబిస్కో రానే లేదు. 1928లో పాటియాలాలో ఇద్దరూ మళ్లీ కలిస్తే గామా నిమిషం లోపే పడేశాడు.

ఆ మూడు గంటల ఆటే అసలు చిక్కు. టికెట్టు కొన్నోడు ఇద్దరు మనుషులు నేల మీద పడుకుని కదలకుండా ఉండటం ఎంతసేపు చూస్తాడు? అమెరికాలో ఊరూరా తిరిగే సంబరాల గుడారాల్లో అప్పటికే మాట్లాడుకుని ఆడే కుస్తీలు ఉన్నాయి. 1920ల్లో ఎడ్ లూయిస్, శాండో, మాంట్ అనే ముగ్గురు కలిసి ఆటని వేగంగా, ఒక కథలాగా మార్చారు. ఈ గుట్టు బయటికి చెప్పకపోవడాన్ని వాళ్ల భాషలో 'కేఫేబ్' అంటారు. చివరికి 1989లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కంపెనీయే న్యూజెర్సీ రాష్ట్ర సెనేట్ ముందు ఇది పోటీ కాదు, వినోదమని ఒప్పుకుంది. ఎందుకంటే నిజం పోటీ అయితే సర్కారు పర్యవేక్షణ, దాని మీద పన్ను కట్టాలి.

ఆట కథ అయిపోయాక వేషాలు కావాల్సి వచ్చాయి. మంచోడు, చెడ్డోడు, రాజు, సైనికుడు. వాళ్లతో పాటు "అడివోడు". మన సంగతి ఇక్కడ మొదలవుతుంది.

1970లో న్యూయార్క్ వైపు చీఫ్ జే స్ట్రాంగ్‌బో అనే ఆయన వచ్చాడు. మనోళ్లు రెడ్ ఇండియన్లు అనే అమెరికా ఆదివాసీల నాయకుడి వేషం. తల మీద పెద్ద ఈకల కిరీటం. దెబ్బలు తిని తిని, ఒక్కసారిగా కోపం వచ్చి యుద్ధ నృత్యం చేస్తూ లేస్తాడు. జనం ఊగిపోయేవోళ్లు. ఆయన అసలు పేరు జో స్కార్పా. ఇటలీ మూలాలున్న మనిషి. ఆదివాసీ కాదు.

1976లో ఆయన, బిల్లీ వైట్ వుల్ఫ్ అనే ఇంకొక "ఆదివాసీ" కలిసి ట్యాగ్ టీం బెల్టు గెలిచారు. ఈ వైట్ వుల్ఫ్ అసలు పేరు అద్నాన్ అల్ కైసీ. ఇరాక్‌లో పుట్టినోడు. అదే మనిషి 1991 గల్ఫ్ యుద్ధం రోజుల్లో ఇరాక్ జనరల్ వేషంలో టీవీలో కనిపించాడు. అంటే ఒక ఇటలీ కుటుంబపోడు, ఒక ఇరాకీ కలిసి అమెరికా ఆదివాసీల పేరు మీద బెల్టు గెలిచారన్నమాట. మాకు ఇది తెలిసిన రోజు ముందు నవ్వొచ్చింది. తర్వాత వార్షికోత్సవం గుర్తొచ్చింది.

అలాగని అసలు ఆదివాసీలు లేరని కాదు. వాహూ మెక్‌డానియెల్ ఓక్లహోమాలో పుట్టిన చాక్టా, చికసా తెగల మనిషి. న్యూయార్క్ జెట్స్, మయామీ డాల్ఫిన్స్ జట్లకి అమెరికా ఫుట్‌బాల్ ఆడుతూనే కుస్తీలోకి వచ్చాడు. ఆయన ఛాతీ మీద కొట్టే దెబ్బ అరంగుళం కూడా ఉత్తిది కాదని తిన్నోళ్లే చెప్పేవోళ్లు. కానీ ఆయన కూడా ఈకల కిరీటం పెట్టుకునే బరిలోకి రావాలి. జనం డబ్బులు కట్టేది దానికే.

ఇక మన కార్డు మీద ఉన్నాయన. టటాంకా అసలు పేరు క్రిస్ చావిస్. నార్త్ కరోలినాలోని లంబీ తెగ. నిజమైన ఆదివాసీయే. అయితే టటాంకా అనేది లంబీల మాట కాదు, ఎక్కడో ఉత్తరాన మైదానాల్లో ఉండే లకోటా తెగ మాట. అడవిదున్న అని అర్థం. ఆ పెద్ద ఈకల కిరీటం కూడా ఆ మైదానాల తెగలదే. సవరోడికి బగతల వేషం వేసి, కోదుల పేరు పెట్టి, "అందరూ ఒకటేలే" అన్నట్టు.

లంబీల సంగతి ఇంకొకటి చెప్పాలి. 1956లో అమెరికా పార్లమెంటు వాళ్ల పేరుని గుర్తిస్తూ చట్టం చేసింది. అదే చట్టంలో, మిగతా తెగలకి వచ్చే సౌకర్యాలు వీళ్లకి రావని రాసింది. పేరు ఇచ్చారు, హక్కు ఇవ్వలేదు. తరవాత దశాబ్దాల పాటు వాళ్లు దాని కోసమే తిరిగారు. సర్టిఫికెట్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగినోళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

1994లో టటాంకా కథ చూడండి. పాత స్ట్రాంగ్‌బో ఆయనకి ఒక పవిత్రమైన ఈకల కిరీటం బహుమతిగా ఇచ్చాడు. పన్నుల అధికారి వేషం కట్టే ఐ.ఆర్.ఎస్. అనే రెజ్లర్ వచ్చి, బహుమతి మీద పన్ను కట్టలేదని గొడవపెట్టుకుని ఆ కిరీటాన్ని పాడుచేశాడు. రాసినోళ్లకి అదొక తమాషా కథ. మనకి మాత్రం 1879 రంప పితూరీ గుర్తొస్తుంది. మన చోడవరం కాదు, రంపచోడవరం వైపు. ఇంట్లో తాగే కల్లు మీద పన్నేసినందుకు కొండలు లేచిన ఏడాది అది. ఇంకో విషయం, ఇటలీ కుటుంబపాయన ఇచ్చిన కిరీటాన్ని అసలు ఆదివాసీ వంగి తీసుకోవాల్సి రావడం.

అదే ఏడాది ఆగస్టులో టటాంకాని డబ్బుకి అమ్ముడుపోయినోడిగా మార్చేశారు. కోటీశ్వరుడి వేషం కట్టే డిబియాసీ పక్కన నిలబెట్టారు. కథ ఆయన చేతిలో లేదు కదా.

ఇప్పుడు ఇంకో కుటుంబం కథ. పసిఫిక్ సముద్రంలోని సమోవా దీవుల అన్నదమ్ములు అఫా, సికా. 'వైల్డ్ సమోవన్స్' అని పేరు పెట్టారు. మాటలు రానట్టు గుర్రుమనాలి, పచ్చి చేపలు తినాలి. అదీ వేషం. నిజానికి అఫా అమెరికా మెరైన్ దళంలో పనిచేసిన మనిషి. ఆ వేషంతోనే 1980, 83 సంవత్సరాల్లో బెల్టులు గెలిచారు. కానీ వాళ్లు ఇంకో పని చేశారు. పెన్సిల్వేనియాలో సొంతంగా శిక్షణ కేంద్రం పెట్టి, కుటుంబంలో పిల్లల్ని, బయటోళ్లని తయారు చేశారు. మన అడుగు మనమే నేర్పుకుందామన్నట్టు.

ఆ సికా కొడుకే రోమన్ రెయిన్స్. తన బిరుదు 'ట్రైబల్ చీఫ్'. 2020 అక్టోబర్‌లో అఫా, సికా ఇద్దరూ వచ్చి అతని మెడలో ఎర్రటి ఉలా ఫాలా దండ వేశారు. అది సమోవాలో పెద్దలు వేసుకునే దండ. మన గెడ్డల పక్కన పెరిగే మొగలి ఉంది కదా, ఆ జాతి చెట్టు పళ్లతో చేస్తారు. 2020 ఆగస్టు నుంచి 2024 ఏప్రిల్ దాకా 1,316 రోజులు బెల్టు అతని దగ్గరే ఉంది. అతను కథలో చెడ్డోడే. అయినా గుర్రుమనే అడివోడు కాదు. మైకు పట్టుకుని తన ఇంటి పెద్దల పేర్లు చెప్పే మనిషి. 2024లో సికా జూన్‌లో, అఫా ఆగస్టులో కన్నుమూశారు. కొడుకు మెడలో తమ దండ చూసుకునే పోయారు.

ఇదంతా చదివాక మాకు అర్థమైంది ఇది. వేషం కట్టడం తప్పు కాదు. థింసా కూడా పండగ రోజు వేషం కట్టే ఆడతాం. అరకులో టూరిస్టుల ముందు ఆడే అక్కలది కడుపుకూటి పని, వాళ్లని ఎవరూ ఒక్క మాట అనకూడదు. చూడాల్సిందల్లా ఆ వేషం ఎవరు నిర్ణయించారు, పేరు ఎవరు పెట్టారు, మైకు ఎవరి చేతిలో ఉంది అన్నదే. జో స్కార్పా మీద కూడా మాకు కోపం లేదు, చిన్నప్పుడు చూసుంటే చప్పట్లు కొట్టేవోళ్లమే. కానీ అసలోడు పక్కన నిలబడి చూస్తుంటే, వేరేవోడు వాడిలా ఆడి బెల్టు గెలవడం ఇంకెన్నాళ్లు?

రెజ్లింగ్‌ని ఇప్పటికీ వదల్లేదు. ఫోన్‌లో చూస్తూనే ఉన్నాం. టటాంకా కార్డు మూలలు అరిగిపోయి ఇంకా మా దగ్గర ఉంది.

ఆగస్టు 9 దగ్గరికొస్తోంది. చాలా స్కూళ్లలో, కాలేజీల్లో మన పిల్లల్ని స్టేజీ ఎక్కిస్తారు. ఎవరైనా ఆకులు, కోడి ఈకలు తెచ్చిస్తే, తమ్ముళ్లూ చెల్లెళ్లూ, గొడవపడకండి. "మా ఊళ్లో ఇలా కట్టుకోరండి, మేమే కట్టుకుని వస్తాం" అని చెప్పండి చాలు. అమ్మ చీర, నాన్న తుడుం, మీ తెగ పేరు, మీ ఊరి పేరు. ఈ నాలుగూ మైకులో వినిపించాలి. మేము ఆ రోజు చెప్పలేకపోయిన మాట అది.

మీ స్కూల్లో మీకేం కట్టారో, మీ ఊళ్లో అసలు ఎలా కట్టుకుంటారో కింద రాయండి. చదువుతాం.

జోహార్.