మాంద్యం రోజులు – మా అమ్మమ్మ కాసులపేరు

1929 అక్టోబరులో న్యూయార్కు షేరు బజారు కూలింది. కొద్ది ఏళ్లలోనే కృష్ణా డెల్టాలో ధాన్యం ధర సుమారు సగానికి దిగజారింది. శిస్తు మాత్రం రొక్కంగానే కట్టాలి! 1931 సెప్టెంబరులో బ్రిటన్ బంగారు ప్రమాణాన్ని వదిలేయగా బంగారం ధర పెరిగి, రైతుల ఇళ్లలోని నగలు కరిగి లండనుకు ఓడలెక్కాయి. కీర్తిశేషురాలైన మా అమ్మమ్మ కాసులపేరు కూడా అలాగే శిస్తు కింద పోయింది. నగ ఇచ్చింది గాని పాడిగేదెను మాత్రం అమ్మనివ్వలేదట. జొన్నన్నం, మజ్జిగలతోనే ఆరుగురు బిడ్డల్ని సాకింది. చదువు రాకపోయినా, నాకు తెలిసిన గుమాస్తాలెందరికన్నా రికార్డు భద్రంగా ఉంచిన మనిషి.

1938లో రాజాజీ ప్రభుత్వం తెచ్చిన మద్రాసు వ్యవసాయదారుల రుణ విమోచన చట్టం, అసలుకు రెట్టింపు చెల్లించిన రైతు బాకీ తీరినట్లేనంది. తాతగారు కట్టిన ప్రతి కానీకీ చెల్లు రసీదు ఆమె భోషాణంలో ఉంది. అవి చూశాక షావుకారు ప్రాంసరీ నోటు తిరిగి ఇచ్చేశాడు.