మత్తుమందు మోతాదు మించినపుడు

నల్లమందు జాతి మత్తుమందు మోతాదు మించినపుడు మొదట ఆగునది గుండె కాదు, ఊపిరి. శ్వాసను నడపు మెదడు భాగము మందగించును. కొలది నిమిషములలో ప్రాణము మీదికి వచ్చును. కావున పెద్ద వైద్యుడు ఎంత నిపుణుడన్నది తరువాతి మాట. రోగిని మొదట చేరువాడెవడు? అతనికేమి తెలియును?

1960 ప్రాంతమున అమెరికాలో దీనికి సమాధానము విచారకరముగా నుండెను. నగరములలో పెక్కుచోట్ల పోలీసు బండియే అంబులెన్సు. పల్లెలలో శవవాహనమే ఆ పని చేసెడిది! అంత్యక్రియల వర్తకుడే రోగిని ఆసుపత్రికి చేర్చుట మనకు వింతగా తోచవచ్చును.

1967లో పిట్స్‌బర్గు నగరమున, నల్లజాతివారు నివసించు హిల్ డిస్ట్రిక్టులో ఫ్రీడమ్ హౌస్ అంబులెన్సు సేవ వెలసినది. నోటితో ఊపిరి పోయు పద్ధతిని ప్రచారము చేసిన డాక్టరు పీటర్ సాఫర్ దీనికి శిక్షణ రూపొందించెను. చేరినవారిలో పెక్కురు ఉద్యోగము లేని యువకులు. కొందరు ఉన్నత పాఠశాల చదువైనను ముగింపనివారు. వారే తరగతులలో, ఆసుపత్రి గదులలో సాధన చేసి, తమ వీధులలో హెరాయిన్ వలన స్పృహ తప్పినవారికి ఊపిరి నిలిపిరి. ఆ ధైర్యము పుట్టుకతో వచ్చినది గాదు. చేతులకు అలవాటైన పని వలన వచ్చినది. 1975లో నగరము తన స్వంత సేవను నెలకొల్పగా ఫ్రీడమ్ హౌస్ మూతపడెను. అంతటి పని చేసినవారిలో పలువురికి కొత్త సేవలో నిలువ నీడ దొరకకపోవుట అన్యాయమే.

ఇక మందు మాట. నలాక్సోన్‌పై 1961లో పేటెంటు దరఖాస్తు జరిగినది. 1971లో అమెరికా ప్రభుత్వము దానిని అనుమతించినది. మత్తుమందు పట్టుకొన్న చోటినుండి దానిని తొలగించి ఇది శ్వాసను మరలించును. అయినను పెక్కు రాష్ట్రములు చిరకాలము ఈ మందును ఉన్నత శిక్షణ పొందిన సేవకులకే అప్పగించినవి. పల్లెలలో మొదట చేరువారు ప్రాథమిక శిక్షణ గల స్వచ్ఛంద సేవకులు. మందు ఉన్నను వారి చేతికి రాలేదు. 2015లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారము, గ్రామీణ ప్రాంతములలో ఈ జాతి మందుల మరణముల రేటు నగరములకన్న 45 శాతము హెచ్చు. అంబులెన్సువారు నలాక్సోన్ ఇచ్చిన రేటు మాత్రము 22.5 శాతమే హెచ్చు.

దూరము మరియొక శత్రువు. నలాక్సోన్ ప్రభావము 30 నుండి 90 నిమిషములే. ఆసుపత్రి గంట ప్రయాణమైనచో, లేచి కూర్చున్న రోగి దారిలోనే మరల సోలిపోవచ్చును. అప్పుడు బండిలోని సేవకుడు ముసుగు బిగించి, సంచి నొక్కుచు, శ్వాస పిమ్మట శ్వాస అందించుచు పోవలసినదే.

ముక్కులో చల్లు మందు 2015లో వచ్చినది. వైద్యుని చీటీ లేకుండ దానిని అమ్ముటకు అనుమతి లభించినది 2023లో.