మధుమేహుల సంఘము పుట్టిన కథ

మధుమేహము మన దేశమునకు క్రొత్త వ్యాధి కాదు. చరక సుశ్రుతుల గ్రంథములలో దీని లక్షణములు వర్ణింపబడి యున్నవి. కాని వ్యాధికి పేరు పెట్టుట వేఱు, వ్యాధితో బ్రదుకుట వేఱు. ఆ రెండవ విద్యను రోగులు ఒకరికొకరు నేర్పుకొనుటకు ఎట్లు పూనుకొనిరో నేడు శ్రోతలకు మనవి చేయదలచితిమి.

ఒకప్పుడు ఈ వ్యాధికి అర్ధాకలియే చికిత్స. కడుపునిండ తిన్నచో వ్యాధి ముదురును, తినకున్నచో దేహము శుష్కించును. వ్యాధి తీవ్రముగా సోకిన పిల్లలు కొలది కాలములోనే మరణించెడివారు. 1921 లో కెనడా దేశమందలి టొరాంటో నగరమున బాంటింగు, బెస్టు అనువారు చేసిన పరిశోధనలవలన ఇన్సులిను లభించెను. 1922 జనవరి 11వ తేదీన లెనార్డు థాంప్సను అను పదునాలుగేండ్ల బాలునకు దానిని తొలిసారి సూదిమందుగా నిచ్చిరి. మొదటి మోతాదు అంతగా ఫలింపలేదు. కాలిప్ అను శాస్త్రజ్ఞుడు మందును శుద్ధిచేసిన పిమ్మట, అదే నెలలో మరల నీయగా బాలుడు తేరుకొనెను.

ఈ వార్తతో ప్రాణము నిలిచినవారిలో రాబిన్ లారెన్సు ఒకడు. ఆయన లండనులోని కింగ్స్ కాలేజి ఆసుపత్రిలో యువవైద్యుడు. 1920 లో తనకే మధుమేహము కలదని తెలిసెను. ఇక బ్రదుకు కొలదికాలమే యని తలచి, ఇటలీలోని ఫ్లారెన్సు నగరమునకు పోయి, అచ్చటనే వైద్యము చేసికొనుచు మృత్యువుకై ఎదురుచూచుచుండెను. 1923 లో లండనునుండి మిత్రుడొకడు ఇన్సులిను వచ్చినదనియు, వెంటనే రమ్మనియు కబురంపెను. లారెన్సు నీరసించిన దేహముతో, తన మోటారులోనే బయలుదేరి లండను చేరుకొనెను. మే 31వ తేదీన తొలి సూదిమందు పుచ్చుకొనెను.

ఇంతటితో కథ ముగిసినదా? లేదు. ఇన్సులిను వ్యాధిని కుదుర్చునది కాదు. ప్రాణమును నిలుపునది మాత్రమే. మందు, తిండి, పని, ఈ మూడింటికిని ప్రతిదినము పొత్తు కుదురవలెను. మందు ఎక్కువైనచో చెమటలు పట్టి, వణకు పుట్టి, ఒక్కొక్కప్పుడు స్మృతియే తప్పును. వైద్యుడు చూచునది కొలది నిమిషములు. తక్కిన దినమంతయు రోగి తనకు తానే వైద్యుడు. అందుచేతనే లారెన్సు 1925 లో మధుమేహుల జీవనమును గుఱించి ఒక గ్రంథము వ్రాసెను. వైద్యుడును రోగియు తానే యగుటచేత ఆ మాటలకు విలువ హెచ్చెను.

తెలివి ఒకటియే చాలదు, మందు కొనుటకు ధనమును కావలెను. ఈ సంగతి ముందుగా గ్రహించినవారిలో పోర్చుగల్ వైద్యుడు ఎర్నెస్టో రోమా ఒకడు. ఆయన 1926 లో లిస్బను నగరమున బీద మధుమేహుల కొఱకు ఒక సంఘమును స్థాపించెను.

లారెన్సు చికిత్స పొందినవారిలో ప్రఖ్యాత రచయిత హెచ్. జి. వెల్సు గూడ నుండెను. తన వ్యాధిని దాచుకొనక, 1934 జనవరిలో ‘టైమ్స్’ పత్రికకు లేఖ వ్రాసి, మధుమేహులకొక సంఘము కావలెనని కోరెను. ఆ యేడే సంఘమేర్పడెను. ధనికుడు గాని పేద గాని ఇన్సులిను లేక మరణింపరాదనునది దాని ఆశయము. 1935 లో సంఘము తన పత్రికను వెలువరించెను. ఎక్కడో పల్లెలో ఒంటరిగా సూది పొడుచుకొనువానికి, తనవంటివారు వేలమంది కలరని తెలిసెను. ఆ తెలివికి మించిన ధైర్యమేమున్నది?

1950 లో అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడగా, లారెన్సు తొలి అధ్యక్షుడయ్యెను. మృత్యువుకై ఎదురుచూచిన ఆ మనిషి 1968 వఱకు, అనగా ఇన్సులిను అందిన పిదప 45 సంవత్సరములు జీవించెను. సంఘము నేటికిని ‘డయాబెటిస్ యూకే’ అను పేరుతో పనిచేయుచున్నది.

మన యిండ్లలో పెండ్లికి ఎదిగిన పిల్లకు ఈ వ్యాధి యున్నచో చుట్టములకు తెలియకుండ దాచుట నేటికిని కలదు. పిల్ల తలుపు మూసికొని సూది వేసికొనును; కండ్లు తిరిగినను చెప్పుకొనలేదు. దాచిన వ్యాధికి తోడు దొరకదు. తోటి రోగి మాటపై మందు మోతాదు మార్చుట అపాయము; అది వైద్యుని పని. కాని భయపడకుమని చెప్పుటకు, ఆ దారిని నడచినవానికంటె తగినవాడు లేడు. అట్టివారు నలుగురు కూడిన చోట రోగికి సగము బరువు దిగునని మేము నమ్ముచున్నాము.