గ్రంథాలయాలు, కంప్యూటర్లు : ఒక చారిత్రక పరిశీలన

నాలుగు వైపులా నిజాం రాజ్యం చుట్టి ఉన్నా, బ్రిటిష్ పాలనలోని కృష్ణా జిల్లాకు చెందిన చిన్న పరగణా మునగాల. దాని జమీందారు నాయని వెంకట రంగారావు, ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు (1877-1923). 1901 సెప్టెంబర్ 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసిందంటే అందులో ఈ ఇద్దరి పాత్ర ఉంది. అంతకు పదేళ్ళ ముందే, 1891లో, అదే నగరంలో సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ పూనికతో ఆసఫియా గ్రంథాలయం ఏర్పడింది.

ఇటువంటి గ్రంథాలయాలలోని పాత తెలుగు, ఉర్దూ పుస్తకాలను ఫొటోలు తీసి కంప్యూటర్‌లోకి ఎక్కించే పని 2000 తరువాతి సంవత్సరాలలో ఊపందుకున్నది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి ఈ పథకానికి ముఖ్యుడు. పుస్తకాలు పది లక్షలు దాటాయని 2007లో ప్రకటించారు. సంఖ్య ఘనమైనదే. కాని గ్రంథాలయాన్ని సంఖ్యతో తూచవచ్చునా?

ఈ ప్రశ్న కొత్తది కాదు. బాగ్దాదులో పుస్తక వ్యాపారి అయిన ఇబ్న్ అల్-నదీమ్ హిజ్రీ 377 (క్రీ.శ. 987)లో తన 'ఫిహ్రిస్త్' కూర్చాడు. కవుల గురించి రాస్తూ ఎవరి కవిత్వం ఎన్ని ఆకులున్నదో చెప్పాడు. ఆకు అంటే ఏ ఆకు? ఒక్కొక్క వైపు ఇరవై పంక్తులుండే సులైమానీ ఆకు అని కొలత కూడా నిర్ణయించాడు. తన చేతికి వచ్చిన ప్రతి పూర్తిదో కాదో కొనేవాడు తెలుసుకోవాలి గదా! ఫొటో తీసిన పుస్తకంలో పుటలు జారిపోయినా, రెండుసార్లు పడినా పాఠకుడికి ఆ హెచ్చరిక కనిపించదు.

పేర్ల సంగతి మరీ చిక్కు. ఆ పథకంలో తెలుగు పుస్తకాల పేర్లను ఇంగ్లీషు అక్షరాలలో, ఎవరికి తోచినట్లు వారు ఎక్కించారు. 'లక్ష్మణరావు' ఎన్ని విధాలుగా రాయవచ్చునో ఊహించండి. ముహమ్మద్, మహమ్మద్, మొహమ్మద్ అనే మూడింటినీ ఒకే పేరుగా యంత్రం దానంతట అది గుర్తించదు. ఇమాం గజాలీని కొందరు 'అబూ హామిద్' కింద వెతుకుతారు, కొందరు 'అల్-గజాలీ' కింద. రూపాలన్నింటినీ ఒక్క పేరు కిందికి చేర్చే పట్టిక ఉన్నదా అన్నది గ్రంథాలయ సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకునేవారు మొదట అడగవలసిన మాట. న్యూజిలాండ్‌లో తయారై 2000లో ఉచితంగా విడుదలైన 'కోహా'లో ఆ ఏర్పాటు ఉంది. కాని పట్టికను నింపవలసినది అరబీ, ఉర్దూ తెలిసిన మనిషే. అక్కడ ఖర్చు తగ్గించుకుంటే సాఫ్ట్‌వేర్ ఎంత గొప్పదైనా వృథా.

పుస్తకాలు నిలిచి ఉంటాయా అన్నది మరొక పరీక్ష. ఆ పథకం కిందివే అయిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పుటలు కాపీరైటు చిక్కులతో 2017లో మూతపడ్డాయి. అంతకుముందే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేరిన ప్రతులు దక్కాయి. తప్పుగా ఎక్కిన పేర్లు కూడా వాటితోపాటే అక్కడికి చేరాయి.