కార్డుల నుంచి లింక్డ్ డేటా దాకా

అమెరికా విశ్వవిద్యాలయాల్లో పాఠకులు స్వయంగా వెతుక్కునే కార్డు కేటలాగు 1860లలో హార్వర్డ్‌లో రూపుదిద్దుకుంది. 1901లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ అచ్చు కార్డులను ఇతర గ్రంథాలయాలకు సరఫరా చేయసాగింది. ఒకరు చేసిన సూచీకరణ అందరికీ పనికొచ్చే పద్ధతి దాంతో బలపడింది.

1960ల చివర్లో హెన్రియెట్ ఆవ్రమ్ నాయకత్వంలో అదే సంస్థ ‘మార్క్’ ఫార్మాట్‌ను తయారుచేసి, కార్డులోని వివరాలను కంప్యూటర్ చదవగలిగేలా చేసింది. రచయిత పేరు 100వ ఫీల్డులో, గ్రంథనామం 245లో, విషయం 650లో చేరాయి. 1971లో ఒహాయోలో గ్రంథాలయాల సహకార సంస్థ ఓసీఎల్‌సీ ఆన్‌లైన్ ఉమ్మడి కేటలాగు మొదలయ్యాక ఈ అంకెలే కేటలాగర్ల వాడుక భాష అయ్యాయి.

అయితే మార్క్ రికార్డుల్లో విషయ శీర్షికలు ప్రధానంగా అక్షరాల రూపంలోనే ఉండేవి. 2010లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ‘కుకరీ’ శీర్షికను ‘కుకింగ్’గా మార్చినప్పుడు, పాత మాట ఉన్న రికార్డులన్నిటినీ ఎక్కడికక్కడ సవరించాల్సి వచ్చింది. ఈ ఇబ్బందిని తప్పించే లింక్డ్ డేటా పద్ధతిలో ప్రతి వ్యక్తికీ విషయానికీ వెబ్‌లో ఒక స్థిరమైన గుర్తింపు ఉంటుంది. రికార్డులన్నీ దానికే ముడిపడతాయి కాబట్టి పేరును ఒక్కచోట మారిస్తే చాలు.

వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్-లీ ఈ సూత్రాలను 2006లో వివరించారు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2009లో తన విషయ శీర్షికలను ఈ రూపంలో వెబ్‌లో పెట్టింది. 2012లో మార్క్ స్థానంలో వాడేందుకు ‘బిబ్‌ఫ్రేమ్’ నమూనాను ప్రకటించింది. 2014లో కార్నెల్, హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్ గ్రంథాలయాలు మెలన్ ఫౌండేషన్ నిధులతో ఉమ్మడి ప్రయోగాలకు దిగాయి.

ఈ మార్పు మేలు చేస్తుందని చాలామంది లైబ్రేరియన్లు ఒప్పుకున్నారు. వారిని వెనక్కి లాగినవి రోజువారీ ఇబ్బందులు. కొనుగోలు నుంచి పుస్తకాలు ఇచ్చిపుచ్చుకోవడం వరకు అన్ని పనులూ సాగే సాఫ్ట్‌వేర్ మార్క్ చుట్టూ అల్లుకుని ఉంది. శిక్షణకు తీరిక తక్కువ. పాఠకుడికి కనిపించే లాభం వెంటనే చూపడమూ కష్టమే. పైగా తమ రికార్డులో తప్పు దొర్లితే దాన్ని తీసుకున్న గ్రంథాలయాలన్నిటికీ ఆ తప్పు పాకుతుందన్న బాధ్యత వారి మీద ఉంది. ఆ జాగ్రత్తను పిరికితనంగా చూడడం అన్యాయం.

అడ్డంకులు తగ్గినచోట ఆసక్తి పెరిగింది. ఎవరైనా సవరించగల ఉచిత డేటా భాండాగారం వికీడేటాలో సులభంగా వివరాలు చేర్చే వీలు ఉండడంతో, 2020లో మొదలైన సహకార ప్రయోగంలో అనేక గ్రంథాలయాలు పాల్గొన్నాయి. 2018లో స్వీడన్ జాతీయ గ్రంథాలయం తన ఉమ్మడి కేటలాగును లింక్డ్ డేటా మీదికి మార్చింది. ఇతరచోట్ల ఎక్కువగా మార్క్, లింక్డ్ డేటా పక్కపక్కనే నడుస్తున్నాయి.