మూత్రపిండాల జబ్బు - గుండెకు ముప్పు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పేరు మీరంతా విన్నదే. కొబ్బరి, జీడి తోటలతో పచ్చగా కనిపించే ఆ కవిటి, సోంపేట ప్రాంతాల్లో ఎన్నో ఇళ్ళను మూత్రపిండాల జబ్బు పీడిస్తోంది. వారికోసమే 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి తెరిచారు. మా తొండుపల్లిలోనైనా, మీ పేటలోనైనా బి.పి., షుగరు ఉన్న ఇంట ఈ జబ్బుకు జాగ్రత్తపడవలసిందే. అయితే ఈ రోగుల్లో చాలామందిని చివరికి పొట్టన పెట్టుకునేది గుండెజబ్బు! ఈ సంగతి తెలియడానికి వైద్యులకే చాలాకాలం పట్టింది.

1943లో, జర్మన్ల చేజిక్కిన హాలెండులో, కోల్ఫ్ అనే డాక్టరు సెలోఫేన్ గొట్టాన్ని పీపాకు చుట్టి రక్తాన్ని వడగట్టే యంత్రం తయారుచేశాడు. 1945లో దానివల్ల మొదటగా బ్రతికి బయటపడింది 67 ఏళ్ళ ఒక స్త్రీ. 1960లో అమెరికాలోని సియాటిల్‌లో డాక్టర్ స్క్రిబ్నర్ రోగి చేతికి శాశ్వతంగా ఉండే గొట్టం అమర్చాడు. దాంతో మళ్ళీ మళ్ళీ డయాలిసిస్ చేసి మనిషిని ఏళ్ళ తరబడి నిలబెట్టడం సాధ్యమైంది. కాని 1974లో ఆ వైద్యులే తమ 39 మంది రోగుల లెక్క తీస్తే, పోయినవారిలో సగానికి పైగా గుండెపోటు, పక్షవాతం వంటివాటితోనే పోయారని తేలింది.

ఎందుకలా? జవాబుకు దారి 1882లోనే పడింది. సిసిలీ దీవిలో మెచ్నికాఫ్ అనే రష్యన్ శాస్త్రజ్ఞుడు నక్షత్ర చేప పిల్లకు ముల్లు గుచ్చితే, తెల్లారేసరికి దాని ఒంట్లోని కణాలు ముల్లు చుట్టూ మూగాయి. మన రక్తంలోని తెల్లకణాలూ అలాంటి కాపలావాళ్ళే. దెబ్బ తగిలినచోట ఎర్రబడి వాచేది వాటి పనివల్లనే. మూత్రపిండాలు వడగట్టని మలినాలు రక్తంలో నిలిచిపోతే, ఈ కాపలావాళ్ళు దొంగ లేకుండానే రాత్రింబగళ్ళు కర్ర తిప్పుతారు. రక్తనాళాల గోడల్లో దూరి, కొవ్వు మింగి, అక్కడే పేరుకుంటారు. తీరా నిజమైన క్రిమి వస్తే సరిగా ఎదిరించలేరు. రక్తపోటు, నాళాల్లో చేరే సున్నం దీనికి తోడు. 1999లో స్వీడన్ వైద్యులు మరొకటి చూపారు: తిండి తగ్గి చిక్కిపోవడం, ఈ లోపలి వాపు, నాళాలు పూడుకోవడం, మూడూ కలిసి నడుస్తాయట.

కనుక రోగికి అన్నం సహించకపోతే "జబ్బుమనిషి కదా" అని ఊరుకోక డాక్టరుకు చెప్పండి. చిగుళ్ళలో చీము, సూది గుచ్చేచోట ఎరుపు, జ్వరం చిన్నవనుకోవద్దు. ఆయాసాన్ని, గుండెల్లో బరువును గ్యాసని సరిపెట్టుకోకండి. డయాలిసిస్‌కు తీసుకెళ్ళినప్పుడు గుండె పరీక్ష సంగతి కూడా అడగండి.