పలనాటి తొలి వాఙ్మూలము

1944 డిసెంబరు 29వ తేదీ ప్రొద్దుగ్రుంకువేళ, నేడు గురజాల మండలములో నున్న పులిపాడు చెరువు మూలను, ఒక పార్టీవారు ఎదుటి పార్టీవారికై పొంచియుండి, కొట్టి ఇద్దరిని చంపిరని అభియోగము వచ్చెను. గుంటూరు సెషన్సు కోర్టు తొమ్మండుగురిని దోషులుగా నిర్ణయింపగా, మద్రాసు హైకోర్టు దానినే స్థిరపరుపగా, వ్యాజ్యము సముద్రములు దాటి లండనులోని ప్రీవీ కౌన్సిలున కెక్కెను. పులుకూరి కోటయ్య కేసు అను పేర న్యాయశాస్త్ర విద్యార్థులు నేటికిని చదువుకొనుచున్న తీర్పు ఇదియే. 1946 డిసెంబరు 19న సర్ జాన్ బోమాంట్ వెలువరించిన ఆ తీర్పును, ముద్దాయి పోలీసులకు చెప్పిన మాటలలో ఆయుధము దాచిన చోటు తెలిపిన భాగమే చెల్లును గాని, చంపితిమన్న ఒప్పుదల చెల్లదని తేల్చినందులకే అందరును స్మరింతురు. దానిలో నా మనస్సును ఎక్కువగా ఆకర్షించినది మరియొక భాగము.

ముద్దాయిలు ఒక పార్టీవారు. కన్నులార చూచితిమన్న సాక్షులు దాని ప్రత్యర్థి పార్టీవారు. ఇట్టి గ్రామమున సాక్షి సత్యమును తూచవలసిన న్యాయాధిపతికి, ఆలోచనలు చెప్పువారు చుట్టుముట్టకమునుపు అతడు మొట్టమొదట పలికిన పలుకుకంటె నమ్మదగిన ఆధారము అరుదు. పులిపాటి సాక్షుల తొలి మాటలు పోలీసు నోటుబుక్కున ఎక్కియుండియు, వాని నకళ్ళు ముద్దాయిల వకీళ్ళకు సకాలమున అందలేదు. దానివలన ఈ వ్యాజ్యమున అన్యాయము వాటిల్లలేదని కౌన్సిలు తలచెను. అయినను ఆ నకళ్ళను పొందు హక్కు మిక్కిలి విలువగలదని, దాని ఉల్లంఘనము తేలికగా చూడదగినది కాదని స్పష్టపరచి, ఒప్పుదల విషయమున జరిగిన పొరపాటునుబట్టి కేసును మద్రాసు హైకోర్టునకు మరల పంపెను.

తొలి మాట కాగితముపై కెక్కు విధము ఇది. ఆనాడు అమలులోనున్న 1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు ప్రకారము, నోటితో చెప్పిన ఫిర్యాదును ఠాణా అధికారి వ్రాసి, చదివి వినిపించి, సంతకము చేయింపవలెను. దర్యాప్తులో సాక్షి చెప్పినదానిపై మాత్రము సంతకము తీసికొనరాదు. పల్లెలో జరిగిన నేరమును ఠాణాకు తెలుపుట గ్రామ మునసబు విధి. 1984లో ఆ ఉద్యోగములు రద్దగువరకు గ్రామములనుండి రిపోర్టు వెడలు మార్గములలో అదియొకటి.

ఈ తొలి ఫిర్యాదు విషయమున పార్టీల ఊళ్ళలో ప్రబలిన దురాచారమొకటి నన్ను నేటికిని బాధించుచున్నది. కొట్టినవారు ముగ్గురైనను, ఎదుటి పార్టీ పెద్దలనందరిని ఇరికింపవలెనను పట్టుదలతో పదిమంది పేర్లు వ్రాయింతురు. కర్రదెబ్బను గొడ్డలివేటుగా చెప్పింతురు. డాక్టరిచ్చిన గాయముల సర్టిఫికెట్టులో గొడ్డలివేటు కానరానినాడు, నిజముగా కొట్టిన ముగ్గురును సంశయలాభముచే విడుదలై వచ్చి ఆ వీధిలోనే తిరుగుదురు. గాయపడినవాని రక్తమునకు ఇంతకంటె అవమానము లేదు. “చీకటిలో ఇద్దరిని గుర్తుపట్టితిని, మూడవవాని ముఖము చూడలేదు, వెనుకనుండి తగిలినది కర్రయో ఇనుపకడ్డీయో ఎరుగను” అని చెప్పగలిగినవాని మాట, తెలియనిదానిని తెలియదని ఒప్పుకొన్నందువలననే, ఎదుటి వకీలు ప్రశ్నలకు చెదరక నిలుచును.

పాత కోడు స్థానమున వచ్చిన 1973 నాటి కోడు, ఫిర్యాదికి ఆ తొలి ఫిర్యాదు, అనగా ఎఫ్.ఐ.ఆర్., నకలు ఉచితముగా ఈయవలెనని విధించెను. దానికి బదులుగా 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత, నేరము ఏ ఠాణా పరిధిలో జరిగినను మరియొక ఠాణాలో ఫిర్యాదు చేయుటకు వీలు కల్పించినది. మాచర్లలో దెబ్బలు తిని నరసరావుపేట ఆసుపత్రి చేరినవాడు అచ్చటి ఠాణాలోనే తన తొలి మాట చెప్పి, చదివించుకొని విని, నకలు తీసికొనవచ్చును.